కాశీలో వదిలిన నెయ్యి

ఇలా దగ్గరికి జరుగమ్మడూ. ఇంకాస్త. ఇది గొంతెత్తి చెప్పుకునే కబురు కాదు, అలాగని కడుపులో పెట్టుకుని పోయేదీ కాదు. వింటుంటే నీకు రోత పుడుతుంది. పుట్టనీ. ఎవరి మీద పుట్టాలో తెలిసేదాకా మాత్రం లేవకు.

ఆ సోమవారం కాస్త పొద్దెక్కాక మైల బట్టలకని రాఘవమ్మగారి దొడ్డి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, ఇత్తడి కంచం ఒకటి గిర్రున తిరుగుతూ వచ్చి నా కాళ్ల ముందు పడింది. అన్నం, ముద్దపప్పు, దాని మీద ఇంకా కరగని నేతి గడ్డ, అన్నీ మట్టిపాలు.

వంగి తీయబోయాను.

“ముట్టుకోకే తులసీ! సవాయి కంచం అది.”

అన్నది రాఘవమ్మగారు. తడి కొంగు, మడి చీర, నుదుట విభూది. ఆవిడ వీధిలో నడిచి వస్తుంటే రేపల్లెలో అరుగుల మీద మగవాళ్లు లేచి నిలబడేవాళ్లు. సుఖరోగానికి పెట్టిన ఆ మాట కల్లుపాకలో తాగినవాళ్లు కూడా గొంతు తగ్గించి అంటారు. ఈవిడ దొడ్లో నిలబడి అరిచింది.

పశువుల కొట్టం పక్కన తాటాకు చాటున కోడలు హైమావతి కూర్చుని ఉంది. ఈపురుపాలెం పిల్ల, కాపరానికి వచ్చి నాలుగేళ్లు. వారం రోజులుగా పడకా, తిండీ అక్కడే. ఎండుగడ్డి మీద ఒక చాప, పక్కన చెంబు. గేదెలకు కూడా ఆ కొట్టంలో అంతకంటే మంచి చోటు ఉంది.

“నిన్న కూడా బూరెలు వండి ఈ కొట్టంలోకే తెచ్చి నా చేత్తో పెట్టాను కదే! గిన్నెడు నెయ్యి పోశాను కదే! నేను కాశీలో వదిలేసినా, నువ్వు తింటే నీ ఒంటి వేడి చల్లారుతుందని, ఆ కారడం ఆగుతుందని పోశాను. నువ్వేమో ఎవడి దగ్గరో అంటించుకొచ్చి నా ఇంట్లో కారుస్తున్నావు. ఛీ!”

“అమ్మా, వీధిలోకి వినపడుతోంది.” వసారాలో పడక్కుర్చీలోంచి కొడుకు పూర్ణచంద్రరావు అన్నాడు. లేవలేదు.

“వినపడనీరా. ఆదివారం ఎలాగూ నలుగురూ వింటారు. పెద్దమనిషి చెంచురామయ్యగారిని రమ్మన్నాను, ఈపురుపాలెం నుంచి దీని అన్నా వస్తాడు. రోగం ఉన్నమాట నిజం, నా అంతట నేనే పోతున్నాను అని సంతకం పెట్టి పోతుంది.”

“పెట్టను.” హైమమ్మ తల ఎత్తకుండానే అన్నది.

“పెట్టవూ? మరి ఇదేంటి?”

రాఘవమ్మగారు బొడ్లోంచి మడత చీటీ తీసింది. ఊరి నర్సమ్మ కరుణ రాసిచ్చిన చీటీ. నాకు చదువు రాదు. కానీ వారంలో ఆ ఇంట్లో దాన్ని ఎన్నిసార్లు చదివారంటే నాకు నోటికి వచ్చేసింది. తెల్లబట్ట. సుఖవ్యాధి అనుమానం. తెనాలి పెద్దాసుపత్రికి.

“చదువుకున్న నర్సు రాసింది అబద్ధం అవుతుందా హైమా?” అన్నాడు మొగుడు, గోడ వైపు చూస్తూ.

అప్పుడు లేచింది ఆ పిల్ల.

“మీరు తెనాల్లో ఆపరేషన్ చేయించుకుని వస్తే ఇరవై రోజులు మీ గుడ్డలు నేను మార్చాను. ఒక్కనాడు ముక్కు మూసుకున్నానా? చెప్పండి.”

ఆయనకి వరిబీజం. కొబ్బరికాయంత అయ్యేదాకా పంచె కింద మోసి, పోయినేడు కోయించుకుని వచ్చాడు. ఊరు ఊరంతా బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వెళ్లింది. తగ్గాక వాళ్లమ్మ యాభై మందికి భోజనం పెట్టింది. మగవాడి వాపుకి విస్తళ్లు వేశారు, ఆడదాని వాపుకి కంచం విసిరారు. అప్పుడు నాకు ఆ ముక్క తోచలేదులే. తర్వాత తోచింది.

“దాని గుడ్డలు రేవుకి తీసుకెళ్లకు తులసీ. కాల్చెయ్.”

“అలాగేనమ్మగారూ” అన్నాను. కాల్చలేదు.

ఎందుకంటావా? మేం చాకలివాళ్లం, గుడ్డ చూసి మనిషిని చెబుతాం. ఎవరు నెల తప్పారో, ఎవరికి నిలవలేదో, ఏ ముసలాయనకి చక్కెర పడుతోందో, ఇంట్లోవాళ్ల కంటే ముందు మాకే తెలుస్తుంది. చెప్పకపోవడం మా కులానికి మర్యాద. ఆ ఇంట్లో నాకు తెలియనిది ఒక్క రాఘవమ్మగారి ఒళ్లే. ఇరవై ఏళ్లుగా ఆవిడ లోగుడ్డ నా మూటలో పడలేదు. మడి అనేది, తానే ఉతుక్కునేది. వ్యవసాయం చేసుకునే ఇంట్లో అంత మడి ఏంటని అమ్మలక్కలు నవ్వేవాళ్లు.

హైమమ్మ గుడ్డలు రెండు చేతిలోకి తీసుకున్నాను. శనివారం ఒక్కపొద్దు నాటిది ఒకటి, ఆదివారం బూరెలు తిన్ననాటిది ఒకటి. మొదటిది దాదాపు శుభ్రంగా ఉంది. రెండోది పాలలో ముంచి తీసినట్టుంది. వాసన వచ్చింది, రాలేదని అనను. కానీ తెల్లబట్ట మరక నాకు తెలియదా? అది ఆరితే గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది. ఇది వేళ్ల మధ్య జిడ్డుగా జారింది. నీళ్ల గాబు దగ్గర ఒక చుక్క వేసి చూశాను. తామరాకు మీద నిలిచినట్టు నిలిచింది.

కార్తీక మాసమంతా ఆ పిల్ల చేత చప్పిడి కూడు తినిపించారు. నెయ్యి లేదు, మీగడ లేదు. ఆ నెలంతా గుడ్డలు తెల్లగా వచ్చాయి. పోలి పాడ్యమి వెళ్లి మళ్లీ నెయ్యి మొదలుపెట్టారో లేదో, మరక తిరిగొచ్చింది. రాఘవమ్మగారు దానికి తన అర్థం తాను చెప్పుకుంది. నోము ఉన్నన్నాళ్లు దేవుడు కప్పాడట, నోము అయ్యాక పాపం పైకి తేలిందట.

నాకు మాత్రం నేతి గిన్నె కనపడింది.

*

కరుణ నర్సమ్మ ఉండేది ఆస్పత్రి వెనక గదిలో. లూథరన్ వాళ్ల పిల్ల, తండ్రి బడిపంతులు. ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. స్టవ్ మీద పాలు పెట్టుకుంటోంది. నేను రెండు గుడ్డలూ గుమ్మంలో పరిచాను.

“అయ్యో, ఇదేంటి తులసక్కా! లోపలికి తేకు, తేకు!” కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“నువ్వు రాసిన చీటీ ఇది. చదువుకో.”

“నేను అనుమానం అనే రాశాను. తెనాలి వెళ్లి చూపించుకోమన్నాను.”

“తెనాలి తీసుకెళ్లారా? పశువుల కొట్టానికి తీసుకెళ్లారు. సరే, నువ్వు చూశావా? ఎక్కడి నుంచి కారుతోందో కళ్లతో చూశావా?”

పాలు పొంగిపోయాయి. ఆ పిల్ల స్టవ్ ఆర్పలేదు.

“చూడలేదు” అన్నది చివరికి. “చీర కాస్త జరిపాను. వాసన తగిలింది. కడుపులో తిప్పింది. చాల్లెమ్మా అన్నాను. మాకు చెప్పింది కూడా అంతే. తెల్లగా పోతే తెల్లబట్ట, వాసన వస్తే సుఖవ్యాధి.”

“నీ కడుపు ఒక్క నిమిషం తిప్పినందుకు ఆ పిల్ల కాపురం తిరగబడింది.”

ఎంత మాట అన్నానా అని తర్వాత అనుకున్నాను గానీ, అప్పుడు వెనక్కి తీసుకోలేదు.

కరుణ మొహం తుడుచుకుంది. “బుధవారం నుంచి బాపట్లలో మాకు మూడు రోజులు ట్రైనింగు. బోదకాలు గురించి. ఊరి నుంచి ఒక మంత్రసానిని వెంట తీసుకురమ్మన్నారు. మన ముసలమ్మ కదల్లేదు. నువ్వు వస్తావా? అక్కడ పెద్ద డాక్టరు ఉంటారు.”

“నేను పురుళ్లు పోయనుగా?”

“పురుటి గుడ్డలు ఉతుకుతావుగా” అన్నది.

*

రేపల్లె ప్యాసింజరులో తెనాలి దాకా, అక్కడ బండి మారి బాపట్ల. గుడ్డలు తాటాకు బుట్టలో పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. తెనాలి ప్లాట్‌ఫారం మీద ఒకామె “ఎండుచేపలా పిన్నీ, సూర్యలంకవా?” అని అడిగింది. “అంతకంటే ఘాటు” అన్నాను.

ఒక రేకుల షెడ్డులో క్లాసు. బోదకాలు ఉద్యోగులు మగవాళ్లు ఓ పన్నెండు మంది, నర్సులు ఎనిమిది మంది, వెనక చాప మీద మేం నలుగురైదుగురం ఊరి ఆడవాళ్లం. డాక్టరు వరప్రసాదంగారు నెరిసిన మనిషి, గొంతు చిన్నది. మురుగులో దోమ, దోమలో పురుగు, పురుగు మనిషి ఒంట్లోకి ఎలా వస్తుందో బాగా చెప్పాడు. గోడకి ఒక మగవాడి బొమ్మ తగిలించారు. కాలు లావు, చెయ్యి లావు, పంచె కింద లావు. మగ ఉద్యోగులు ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వారు.

“ఆడవాళ్ల బొమ్మ లేదా అండి?” అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు.

“ఆడవాళ్లకి కాళ్లకి వస్తుందమ్మా. చేతులకీ వస్తుంది” అన్నాడు డాక్టరు.

“కాళ్ల దగ్గర ఆగిపోతుందా అండి? పురుగుకి సిగ్గెక్కడిది?”

ఈసారి నర్సులు నవ్వారు. కరుణ నవ్వలేదు. నేను లేచి ముందుకు వెళ్లి బల్ల మీద రెండు గుడ్డలూ పరిచాను.

ఆ గది చూడాల్సిందమ్మడూ. బెంచీలు కిర్రుమన్నాయి. జేబురుమాళ్లు వచ్చాయి, కొంగులు వచ్చాయి. ఒకడు కిటికీలోంచి ఉమ్మాడు. “ఎవరే ఈ చాకలిదాన్ని రానిచ్చింది?” అన్నాడు ఇంకొకడు. రోగం కనిపెట్టడం నేర్చుకోవడానికి వచ్చిన జనం రోగం బల్ల మీద కనపడితే గోడలకి అతుక్కుపోయారు. నాకు ఆ గుడ్డ రోత కాలేదు. ఆ ముక్కులు రోత అయ్యాయి.

కరుణ నిలబడింది.

“ఈ గుడ్డ మా ఊరి మనిషిది సార్. సుఖవ్యాధి అని నేనే రాశాను. చూడకుండా రాశాను. ఆమెని ఇంట్లోంచి తీసి పశువుల కొట్టంలో పెట్టారు.”

డాక్టరు లేచి వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గుడ్డ చేత్తో తీసుకుని, కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. “నీళ్లు” అన్నాడు. చుక్క వేశారు. నిలిచింది.

“ఇది ఎప్పటిది?”

“నేతి బూరెలు తిన్ననాటిదండి. అదేమో ఒక్కపొద్దు నాటిది. కార్తీకమంతా ఇలాగే తెల్లగా ఉందండి.”

ఆయన రెండు గుడ్డలూ పక్కపక్కన పెట్టాడు. తర్వాత మాతో కాదు, తనలో తాను అన్నట్టు చెప్పాడు. “మనం తిన్న నెయ్యి కడుపులోంచి పాలలాగా మారి సన్నటి నాళాల్లో నడుస్తుంది. పురుగు ఆ నాళాలు మూసేస్తే దారిలేక వెనక్కి తంతుంది. చర్మం వాచి, పొక్కులు లేచి, పొక్కుల్లోంచి కారుతుంది. మగవాళ్లకి కారితే రాసుకుంటాం. ఆడవాళ్లకి...” రిజిస్టరు తెరిచి చూపించాడు. “ఆడవాళ్లకి ఇందులో గడి లేదు.”

“ఎందుకు లేదండి?” అన్నది కరుణ.

“మేం అడగలేదు. వాళ్లు చెప్పలేదు. లేదనుకున్నాం.”

“కంచంలో తింటే అంటుకుంటుందా అండి?” నేను అడిగాను. “పక్కలో పడుకుంటే?”

“దోమ కుడితేనే. ఇంకెలాగూ రాదు.”

“ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి బాబూ. ఆదివారం పెద్దమనుషులకి చూపించాలి.”

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. “గుడ్డ చూసి మనిషికి రోగం రాస్తే నేనూ ఈ అమ్మాయి చేసిన తప్పే చేసినట్టు. ముందు మనిషిని చూడాలి.” కరుణ వైపు తిరిగాడు. “నువ్వు చూడు. జ్వరం వచ్చి పోతుందేమో అడుగు. గజ్జల్లో బిళ్లలు తడుము. కారేది లోపలి నుంచా, పై చర్మం మీది పొక్కుల్లోంచా, వెలుగులో చూడు. పొక్కులైతే నా దగ్గరికి తీసుకురా. మాత్రలున్నాయి, చేయాల్సిన శుభ్రం ఉంది.”

ఆ మూడు రోజులూ గోడ మీద మగ బొమ్మ పక్కన సుద్దముక్కతో ఒక ఆడ బొమ్మ గీసి ఉంచారు. రెండో రోజుకి ఎవరో కొంత చెరిపేశారు. వరప్రసాదంగారు మళ్లీ గీశారు.

*

శనివారం మధ్యాహ్నం కరుణ సబ్బు, వేడినీళ్లు పట్టుకుని కొట్టంలోకి వెళ్లింది. నేను తాటాకు చాటున చీర అడ్డం పట్టుకుని నిలబడ్డాను. రాఘవమ్మగారు ఆపుతుందేమో అనుకున్నాను. ఆపలేదు. వెనక గోడ అవతల గోంగూర ఏరుకుంటూ కూర్చుంది.

“మళ్లీ వచ్చారా నర్సమ్మా?” హైమమ్మ గొంతు. “కొంగు తెచ్చుకున్నారా ముక్కుకి?”

“తెచ్చుకోలేదు.”

“వాసన వస్తుంది.”

“రానీ. నాది తప్పు హైమావతిగారూ. ఇవాళ చూడనివ్వండి.”

తర్వాత సబ్బు నీళ్ల చప్పుడు. చాలాసేపటికి కరుణ అడిగింది. “జ్వరం ఎప్పుడు మొదలైంది?”

“వచ్చిన రెండో ఏడు. చలి, జ్వరం, గజ్జల్లో బిళ్లలు. మూడు రోజులుండి పోయేది. అత్తయ్యకి చెప్పాను.”

“ఏమన్నారు?”

“ఆడవాళ్లకి మామూలే, ఎవరితోనూ అనకు అన్నారు.”

గోడ అవతల గోంగూర ఏరే చప్పుడు ఆగిపోయింది.

“ఇది లోపలి నుంచి కాదు” అన్నది కరుణ. “పొక్కులు. అన్నీ పై మీదే. ఉల్లికాడ విత్తనాల్లా ఎన్ని ఉన్నాయో. ఇది దోమ పెట్టిన రోగం హైమావతిగారూ. మీ ఆయనకి వచ్చిందే మీకూ వచ్చింది. నెయ్యి తిన్నప్పుడల్లా పొంగుతుంది. నెయ్యి మానితే కార్తీకంలో తగ్గినట్టే తగ్గుతుంది.”

హైమమ్మ ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ఆ నవ్వు వినలేక చీర వదిలేద్దామనిపించింది నాకు.

“గిన్నెడు పోసేది మా అత్తయ్య. వద్దంటే కోప్పడేది.”

*

ఆదివారం తెల్లవారుతూనే రేవులో గుడ్డలు ఉడికించే ఉబ్బ పెట్టుకుంటున్నాను. బాన కింద మంట అప్పుడే అందుకుంది. గట్టు మీద ఎవరో నిలబడ్డారు. తల ఎత్తితే రాఘవమ్మగారు! ముప్ఫై ఏళ్లలో ఆవిడ చాకిరేవుకి రావడం అదే మొదలు. చంకలో చిన్న మూట.

“తులసీ, ఇది చూడు.”

“ఏంటమ్మగారూ?”

“చూడు అంటుంటే.”

విప్పాను. తెల్లటి మల్లు గుడ్డ. తడిగా ఉంది. పాలలో ముంచి తీసినట్టుంది. ఎవరిదని అడగబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

“ఇరవై ఏళ్ల కిందటి మాట” అన్నది. “ఆయన ఉన్నప్పుడే మొదలైంది. నేనేం పాపం చేశానో నాకే తెలియలేదు. ఎవరికి చెప్పుకోను? మడి పేరు చెప్పి నా గుడ్డలు నేనే ఉతుక్కున్నాను. ఆయన పోయాక కాశీ వెళ్లాను. ఇష్టమైంది వదలాలన్నారు. నాకు నెయ్యంటే ప్రాణం. వదిలేశాను. ఇంటికొచ్చిన నెలకి తగ్గిపోయింది. విశ్వనాథుడు నన్ను క్షమించాడనుకున్నాను.”

“మరి హైమమ్మ?”

“కార్తీకంలో తగ్గి మళ్లీ వచ్చిందిగా. దాన్ని క్షమించలేదనుకున్నాను. నాకంటే పెద్ద పాపం ఏదో చేసిందనుకున్నాను.”

మంట చిటపటలాడింది. నేను గుడ్డ వైపు చూశాను. తడి ఆరలేదు.

“ఇది నిన్నటిదమ్మగారూ.”

“నిన్న గోడ అవతల అంతా విన్నాను. రాత్రి నెయ్యి పోసుకుని తిన్నాను. పదకొండేళ్ల మొక్కు. గిన్నెడు తిన్నాను తులసీ. నర్సు చెప్పింది అబద్ధం కావాలని తిన్నాను.”

ఆవిడ గట్టు మీద కూలబడింది. మడి చీర బురదలో పడింది. చూసుకోలేదు.

నాకు జాలి వేసిందా అంటే వేసింది. కానీ ముందు వేసింది రోత. ఏళ్ల తరబడి తన ఒంట్లో మోసిన దాన్ని ఇంకో ఆడదాని ఒంట్లో చూసి కంచం విసిరిన చెయ్యి అది. ఆ చేతికి నేను ముప్ఫై ఏళ్లుగా దణ్ణం పెడుతున్నాను.

“ఇవాళ పెద్దల ముందు చెప్పండమ్మగారూ. ఒక్క మాట చాలు.”

“చచ్చిపోతాను. చెంచురామయ్య ముందా? నా కొడుకు ముందా? దాని కాగితం చించేస్తాను, ఇంట్లో ఉండమంటాను, అంతే. నా మాట మాత్రం ఎత్తకు. నీ బిడ్డల మీద ఒట్టెయ్.”

నేను ఒట్టు వేయలేదు. మూట ముడి వేసి, మా ఇంటి గుర్తు ముడి, బుట్టలో పెట్టుకున్నాను.

*

పది గంటలకి వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. చెంచురామయ్యగారు మధ్యలో. హైమమ్మ అన్న స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. హైమమ్మని మెట్ల కింద నిలబెట్టారు.

రాఘవమ్మగారు రేవులో నాతో అన్నదాంట్లో సగమే చెప్పింది. “పోనీలెండి అన్నయ్యగారూ. రోగం ఎవరికి రాదు? కొట్టంలోనే ఉంటుంది, రెండు పూటలా తిండి పెడతాను. కాగితం వద్దు.”

“అదెలా చెల్లెమ్మా?” అన్నాడు చెంచురామయ్యగారు. “సవాయి మనిషిని దొడ్లో పెట్టుకుంటే ఈ ఇంట్లో ఎవరు మంచినీళ్లు తాగుతారు? అబ్బాయి సంగతేంటి? రోగం లేదంటే ఇంట్లోకి రానీ. ఉందంటే పంపించు. నడి వాకిట్లో ఉంచడం కుదరదు.”

కరుణ ముందుకు వచ్చింది. చీటీ ఇమ్మని చెయ్యి చాపింది. పూర్ణచంద్రరావు ఇచ్చాడు. నలుగురి ముందూ నిలువునా చించింది.

“నేను రాసింది తప్పండి. చూడకుండా రాశాను. నిన్న చూశాను. ఇది బోద పురుగు రోగం. ఈ ఇంట్లో దోమే కుట్టింది. అబ్బాయిగారికి వచ్చిందీ ఇదే.”

పూర్ణచంద్రరావు పంచె సర్దుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

“మగవాడికి వరిబీజం వస్తుంది, ఎరుగుదుం” అన్నాడు చెంచురామయ్యగారు. “ఆడదానికి అక్కడ బోద ఏంటమ్మా? అరవై ఏళ్లొచ్చాయి, ఎక్కడా వినలేదు. నిన్న సవాయి అన్నావు, ఇవాళ దోమంటున్నావు. రేపు ఏమంటావో! సరే, ఒక్కటి అడుగుతాను. ఈ ఊళ్లో ఇంకెవరికైనా ఉందా ఇలాంటిది? ఒక్క మర్యాదస్తురాలిని చూపించు. నీ మాట నమ్ముతాం, కోడల్ని లోపలికి పంపుతాం. లేదంటే ఇప్పుడే సంతకం.”

రేవులో సంగతి కరుణకి తెలియదుగా.

హైమమ్మ నా వైపు చూసింది. ఎందుకు చూసిందో! ఆ పిల్ల కళ్లు కొంచెం కూడా అడగలేదు. అడిగి అడిగి విసిగిపోయిన కళ్లు.

నా నాలుక మీద ఉంది మాట. బుట్టలో ఉంది గుడ్డ. నేను చెబితే చాకలిదాని వాగుడు. కొట్టి తరిమేస్తారు. అదొక్కటే కాదు. అది నేను విప్పాల్సిన మూట కాదు.

నేను బుట్ట తీసుకెళ్లి వసారా మెట్టు మీద పెట్టాను. రాఘవమ్మగారి కాళ్లకి జానెడు దూరంలో. మా ఇంటి గుర్తు ముడి పైకి కనపడేలాగ.

“అదేంటే?” అన్నాడు చెంచురామయ్యగారు.

“ఉతకాల్సిన గుడ్డలండి” అన్నాను. “అమ్మగారు చెబితే ఉతుకుతాను.”

రాఘవమ్మగారు ఆ మూట వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. మెట్ల కింద నిలబడ్డ కోడలి వైపు చూసింది, ఆ చూపు మాత్రం తిప్పుకోలేకపోయింది. విభూది చెమటకి కరిగి కనుబొమ్మ మీదికి జారుతోంది. నెమ్మదిగా లేచింది. రెండడుగులు వేసింది. వంగింది.

ముడి మీద చెయ్యి వేసింది.

విప్పడానికో, తీసుకుని లోపలికి పోవడానికో, ఆ క్షణాన ఆవిడకే తెలియదని నేను ఒట్టేసి చెప్పగలను.

ఇక్కడిదాకా గుర్తుంచుకో అమ్మడూ. పేర్లు మర్చిపోయినా ఫరవాలేదు. మీ చుట్టాల్లో నర్సు పని చేసే పిల్లలుంటే ఆ గుడ్డ సంగతి చెప్పు, నేతి గిన్నె సంగతి చెప్పు, ఆ షెడ్డులో మూసుకున్న ముక్కుల సంగతీ చెప్పు. ఏ ఆడదైనా కొంగు చాటున వచ్చి తెల్లగా పోతోందమ్మా అంటే, చీటీ రాసే ముందు ఎక్కడి నుంచమ్మా అని అడగమను. అడిగి, చూడమను. ఇదంతా నీకు ఎవరు చెప్పారని అడిగితే, ఆ మూట ముడి వేసిన మనిషి చెప్పిందని చెప్పు.